మెరూన్ గౌను ముందు ఒక పూట

2014లో అమ్మాయి కాన్పుకని ఆస్టిన్ వెళ్లాను. మనవడికి మూడో నెల వచ్చేదాకా గడప దాటింది లేదు. ఒక శనివారం అల్లుడే వచ్చి, "అత్తయ్యా, మీరు చూడాల్సిన గౌను ఒకటుంది, పదండి" అన్నాడు. తెనాలిలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, గౌను చూపిస్తానంటే కాదంటానా?

టెక్సస్ యూనివర్సిటీలో హ్యారీ రాన్సమ్ సెంటర్, పాత పుస్తకాలూ కాగితాలూ దాచి చూపించే చోటు. టికెట్ లేదు. గుమ్మం దాటగానే గూటెన్‌బర్గ్ అచ్చు వేసిన బైబిల్ ఉంది. అల్లుడు దాని గురించి చెబుతూనే ఉన్నాడు, నా కాళ్లు మాత్రం లోపలికే లాగుతున్నాయి. 1939లో వచ్చిన 'గాన్ విత్ ది విండ్' సినిమా మీద ప్రదర్శన అది. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ దాచిన కాగితాలు ఐదు వేల పెట్టెలకు పైగా అక్కడే ఉన్నాయట. సినిమాలో నల్లజాతి వాళ్లను చూపించే తీరు మీద అప్పట్లోనే వచ్చిన అభ్యంతరాల ఉత్తరాలూ పెట్టారు. అల్లుడు ఒకటి చదివి వినిపించాడు. ఆ కథంతా బానిసల చాకిరీ మీద నడిచిన ఇళ్లలోదని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. బట్టలే చూశాను, ఆ ఇళ్లలో అవి ఉతికిందెవరో ఆలోచించలేదు.

కథానాయిక స్కార్లెట్‌గా వేసిన వివియన్ లీ వేసుకున్న అసలు గౌన్లు మూడు ఉన్నాయి. పరదాలు చించి కుట్టించుకున్నట్టు కథలో వచ్చే ఆకుపచ్చ గౌను దగ్గరే జనమంతా. నేను మెరూన్ వెల్వెట్ గౌను ముందు నిలబడిపోయాను. పరాయి మగాడితో ఉండగా జనం చూశారని ఊరంతా గుప్పుమన్న రోజు, మొగుడు స్కార్లెట్ చేత పంతం పట్టి వేయించి విందుకి పంపే గౌను ఇదే. మన దగ్గర పెళ్లికూతురికి కట్టబెట్టే రంగు, అక్కడ నలుగురిలో తలవంచేలా చేయడానికి!

వెలుతురు బాగా తగ్గించారు. పాత బట్టకి దీపం కూడా శత్రువే. అయినా వెల్వెట్ సంగతి తెలిసినదాన్ని కాబట్టి ముందు నూగు ఎటు వాలిందో చూశాను. ఒక్క ముక్క తిరగేసి కత్తిరించినా ఆ ముక్క ఒక రంగు, పక్కది ఇంకో రంగు కనిపిస్తాయి. పై నుంచి ఇస్త్రీ పెట్టడానికి లేదు. బరువు కూడా ఎక్కువే. ఏళ్ల తరబడి తగిలిస్తే భుజాల దగ్గర కుట్లు లాగేస్తాయి. సినిమా ప్రచారానికని ఈ గౌన్లను ఊరూరా థియేటర్లలో తిప్పారట. 2010లో వీటిని బాగు చేయడానికి 30 వేల డాలర్లు చందాలు పోగయ్యాయంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. భుజాల మీద నిప్పుకోడి ఈకలు, మెడ బాగా కిందికి. నా దగ్గరకొచ్చే వాళ్లు కాస్త లోతు పెడితేనే "అక్కా, ఇంకో అంగుళం పైకి" అంటారు.

డిజైనర్ వాల్టర్ ప్లంకెట్ పని మొదలుపెట్టే ముందు అట్లాంటా వెళ్లి, నవల రాసిన మార్గరెట్ మిచెల్‌ను కలిశాడు. అక్కడి పాత గౌన్ల కుట్టు లోపలి నుంచి చిన్న చిన్న ముక్కలు నమూనాగా తీసుకున్నాడని చదివాను. అది చదివి మనసులో చప్పట్లు కొట్టాను. పైన ఎంత వెలిసినా, అసలు రంగు మిగిలేది కుట్టు మడతలోనే.

అంత వెతికినా చరిత్రను ఉన్నదున్నట్టు దింపలేదు. 1856 తర్వాత ఉక్కు వలయాల క్రినోలిన్ వచ్చింది. గంట బోర్లించినట్టుండేది పావడా. మన లెహంగాల కింద వేసే క్యాన్‌క్యాన్‌కి తాతమ్మ అనుకోండి. 1870 నాటికి ఆ ఉబ్బు వెనక్కి పోయింది. తర్వాత ఆ పదేళ్ల చివర్లో అదీ తగ్గి, తుంటి దాకా ఒంటికి అతుక్కునే ప్రిన్సెస్ కట్ వచ్చింది. ఇంగ్లండ్ యువరాణి అలెగ్జాండ్రా పేరు మీద పెట్టారంటారు. ఇన్నేళ్లుగా బోర్డు మీద 'ఇచ్చట ప్రిన్సెస్ కట్ కుట్టబడును' అని రాయించుకుని, ఏ ప్రిన్సెస్ అని ఒక్కసారీ అడగలేదు నేను! కథ ప్రకారం ఈ గౌను 1870ల మొదట్లోది. కానీ నడుము, తుంటి మీద కూర్చున్న తీరు చూస్తే 1939 నాటి అభిరుచే ఎక్కువ కనిపించింది. నాకైతే అది తప్పనిపించలేదు. తెర మీద ఆమె సిగ్గు పడకుండా నిలబడాలి, వెనక ఉబ్బు పెడితే ఆ నిటారుతనం పోతుంది.

లోపలి అస్తరు ఎలా ఉందో చూద్దామని వంగి వంగి, చివరికి నేల మీద కూర్చున్నాను. అక్కడున్న కాపలా అమ్మాయి కంగారుగా వచ్చింది. "మా అత్తయ్య టైలరండీ" అని అల్లుడు చెప్పగానే నవ్వేసి, గీత దాటొద్దని మాత్రం చెప్పింది. అస్తరు కనిపించనేలేదు.

ఇంతలో బాబు ఏడుస్తున్నాడని అమ్మాయి ఫోను. కారెక్కాక అడిగాడు అల్లుడు, "ఇలాంటిది మీరు కుట్టగలరా అత్తయ్యా?"

"కుడతాను. కానీ మిషను మీద వెల్వెట్ జారిపోతుంది నాయనా. ముందు ప్రతి కుట్టుకీ చేత్తో కచ్చా కుట్టు వేయాలి. నెల పడుతుంది. ఆ ఈకలు మాత్రం నన్నడక్కు."