పాప ఎత్తుకు తగ్గ రాతబల్ల: నా అనుభవం

మా పాపకు రాతబల్లను ఇంట్లోనే తయారుచేయాలని అనుకున్నాక, కలప జోలికి వెళ్లే ముందు టేపు తీసుకుని పాపనే కొలిచాను. పెద్దవాళ్ల బల్లలు సాధారణంగా 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి కాబట్టి, వాటి దగ్గర కూర్చున్న చిన్నపిల్లలు భుజాలు చెవుల దాకా ఎగదోసుకుని రాయవలసి వస్తుంది. బల్లను అందుకోవడానికి పెద్ద కుర్చీ ఎక్కిస్తే పాదాలు గాలిలో వేలాడతాయి. అందువల్ల పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా పాపను 35 సెంటీమీటర్ల ఎత్తున్న తన చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, చేతిని మోచేతి దగ్గర మడవమని చెప్పి, నేల నుంచి మోచేయి దాకా కొలిస్తే 57 సెంటీమీటర్లు వచ్చింది. రాసేటప్పుడు చేయి కొంచెం ముందుకు వస్తుంది కనుక బల్ల మోచేతికి రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉంటేనే సుఖం. బడి బల్లలకు సంబంధించిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 1729 కూడా 119 నుంచి 142 సెంటీమీటర్ల పొడవున్న పిల్లలకు 59 సెంటీమీటర్ల బల్లను, 35 సెంటీమీటర్ల కుర్చీని సూచిస్తుంది. పాప పొడవు 126 సెంటీమీటర్లు కావడంతో ఇక సందేహం లేకపోయింది.

పైపలకకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 90 సెంటీమీటర్ల పొడవు, 55 సెంటీమీటర్ల వెడల్పున కోశాను. చేత్తో పట్టుకుని నడిపే కరెంటు రంపం పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పెచ్చులు పైవైపునే లేస్తాయి. అందుకని నునుపైన ముఖాన్ని కిందికి తిప్పి, గీతలన్నీ అడుగువైపున గీసుకున్నాను. కాళ్లకు మాత్రం గట్టి కలపనే వాడాను. ప్లైవుడ్ అంచులోకి మేకు గానీ స్క్రూ గానీ దింపితే పొరలు విడిపోతాయి, పట్టు నిలవదు.

పిల్లలు ఎదుగుతారు, బల్ల ఎదగదు. ఈ చిక్కును దాటడానికి ఒక్కో కాలును రెండు ముక్కలుగా చేశాను. పైముక్కను బల్ల చట్రానికి బిగించి, కిందిముక్కను దానికి లోపలివైపున ఆనించి, రెండింటినీ కలిపి క్లాంపుతో పట్టించి, ఒకేసారి ఇటు నుంచి అటు దాకా రంధ్రాలు వేశాను. రంధ్రాల మధ్య 5 సెంటీమీటర్ల దూరం ఉంచడం వల్ల బల్లను 59, 64, 69 సెంటీమీటర్ల ఎత్తుల్లో నిలబెట్టవచ్చు. ప్రతి కాలికీ రెండేసి బోల్టులు తప్పనిసరి. ఒక్కటే అయితే కాలు దాని చుట్టూ ఇరుసు మీద చక్రంలా తిరుగుతుంది.

బల్లకు సొరుగు ఉండాలని ఇంట్లో అందరూ అన్నారు, నేను ఒప్పుకోలేదు. కుర్చీకి, బల్లకు మధ్య ఉన్న తేడా 24 సెంటీమీటర్లే. అందులో పలక మందం, 12 సెంటీమీటర్ల సొరుగు పోతే తొడలకు మిగిలేది పది సెంటీమీటర్ల చిల్లర. అది చాలదు. ముందువైపు 5 సెంటీమీటర్ల పట్టీ మాత్రమే ఉంచి, పెన్సిళ్ల కోసం పక్కన ఒక చిన్న తెరిచిన అర బిగించాను.

ఇంట్లో చేసిన బల్లలకు సర్వసాధారణమైన జబ్బు పక్కలకు ఊగడం. స్క్రూలు ఎంత బిగించినా అది పోదు. వెనక రెండు కాళ్ల పైముక్కల మధ్య 25 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లైవుడ్ పలకను జిగురుతోనూ స్క్రూలతోనూ బిగించాక మా బల్ల కదలడం మానేసింది. జిగురు ఆరకముందే చట్రం కర్ణాలు రెండూ కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి, తేడా ఉంటే పొడవైన కర్ణం వైపు నొక్కి సరిచేయాలి. బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో అప్పటికప్పుడే తుడిచేయాలి. ఆరిపోయిన చోట పాలిష్ పట్టక తెల్లటి మచ్చ మిగులుతుంది. పైపలకను చట్రానికి ఎల్ ఆకారపు బిళ్లలతో కలిపినప్పుడు 16 మిల్లీమీటర్ల స్క్రూలు వాడాను, ఎందుకంటే అంతకన్నా పొడవైనవి పైకి పొడుచుకు వచ్చే ప్రమాదం ఉంది.

మూలలను డబ్బా మూత పెట్టి గుండ్రంగా గీసి, ఆకురాయితో అరగదీసి, ఆపైన 80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్దాను. నిజానికి ఎక్కువ సమయం తిన్న పని ఇదే. నీటి ఆధారిత వార్నిష్‌ను పలుచగా పూసి, పూతకూ పూతకూ మధ్య సన్నని కాగితంతో తేలికగా రుద్ది, వాసన పూర్తిగా పోయేదాకా బల్లను పాప గదిలోకి తీసుకెళ్లలేదు.

ఇప్పుడు పాప మోచేయి 60 సెంటీమీటర్ల దగ్గర ఉంది. మరికొంత ఎదిగాక బల్లను 64కు జరపాలి, దానితోపాటు కుర్చీ కూడా లేవాలి. మిగిలిన ప్లైవుడ్ ముక్కలను రెండేసి పొరలుగా అతికిస్తే 36 మిల్లీమీటర్ల దిమ్మలు వస్తాయి. వాటిని కుర్చీ కాళ్ల అడుగున బిగించడానికి ఇప్పటికే కోసి పెట్టుకున్నాను.