బుధవారం పదకొండింటి కుక్కర్

2025 సంక్రాంతికి మా అత్తవారింటికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగింది ఒకటే: “సెలవు ఎన్నాళ్ళు బాబూ?”

ఉద్యోగం ఉన్నవాడికి సెలవుంటుంది. లేనివాడికి సెలవేంటి? “పదహారు రోజులండీ” అనేవాణ్ణి. టికెట్ మీద ఉన్నది అదే కాబట్టి అబద్ధం కూడా కాదు. పక్కింటి పిన్నిగారు మాత్రం “ఏటి, బాగా చిక్కిపోనారు, అక్కడ పని ఎక్కువా?” అనేసరికి మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

పని పోయింది 2024 నవంబరులో, ఒక మంగళవారం. కెనడాలో, టొరంటో పక్కనుండే మిసిసాగాలో ఆఫీసు. ఆ రోజు ఇంటినుంచే చేస్తున్నాను. పావుగంట మీటింగని పిలిచారు. లైన్లో మా మేనేజరుతో పాటు ఎప్పుడూ చూడని హెచ్‌ఆర్ మనిషి ఉంది. ఆ ముఖం చూడగానే సగం అర్థమైంది. మీటింగ్ అయిన పది నిమిషాలకు లాప్‌టాప్ దానంతట అదే లాకైపోయింది. రెండో రోజు ఖాళీ అట్టపెట్టె ఒకటి కొరియర్లో వచ్చింది, లాప్‌టాప్ అందులో పెట్టి పంపమని. మూడేళ్ళ ఏడు నెలలు పనిచేసినందుకు ఒంటారియో చట్టం లెక్కన మూడు వారాల జీతం. అంతకుమించి పైసా ఇవ్వలేదు. బ్రాంప్టన్‌లో నేనుండే బేస్‌మెంట్ అద్దెకు అది సరిపోతుంది. ఆ తర్వాతేంటి?

అద్దె సంగతి తర్వాత. అసలు భయం వేరే ఉంది. అప్పటికి రెండు నెలల కిందటే మా ఆవిడని కెనడాకి తెచ్చుకోవడానికి స్పౌజ్ స్పాన్సర్‌షిప్ అప్లికేషన్ పెట్టాను. వైజాగ్ సీతమ్మధారలో పుట్టి పెరిగి, ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే మనిషి ఆ కాగితాల్లో ‘ఫారిన్ నేషనల్’ అయిపోయింది. ఆరు వందల మంది భోంచేసిన పెళ్ళిలోంచి 20 ఫొటోలే ఏరి పెట్టాలి. వాటిలో తన చెల్లెలు ఒక్కదాంట్లోనూ లేదని మా అత్తగారికి ఇప్పటికీ చిన్న కినుక. ఫీజులన్నీ కలిపి అప్పట్లో 1,205 డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. ఇప్పుడు స్పాన్సర్‌కే దిక్కులేదు.

ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో “మన ఫ్రెండ్ ఒకడికి ఇలా అయిందట” అని అడిగాను. ఆ ఫ్రెండ్ ఎవడో వాళ్ళకి తెలియక కాదు, మర్యాదకి ఊరుకున్నారు. డల్లాస్ వాడు వెంటనే “ఐ-864, అదే స్పాన్సర్ ఫారం, సంగతేంటి? పావర్టీ గైడ్‌లైన్‌కి, అంటే పేదరికపు గీతకి, 125 శాతం ఆదాయం చూపించాలి, లేకపోతే జాయింట్ స్పాన్సర్‌ని పట్టుకో” అన్నాడు. లండన్ వాడు ఇంకా గట్టిగా బెదిరించాడు. అక్కడ స్పాన్సర్ చూపించాల్సిన కనీస ఆదాయం 2024 ఏప్రిల్ 11 నుంచి 18,600 పౌండ్లు కాస్తా 29,000 అయిందట. ఆరు నెలల జీతం స్లిప్పులు లేకపోతే అప్లికేషన్ ముట్టుకోరట. బ్యాంకులో డబ్బు చూపించి గట్టెక్కాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలు కదలకుండా ఉండాలట. ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవడి దేశం సంగతి వాడు. నేనుండేది మూడో దేశం. ఆ రాత్రి ఆ తేడా నాకు తట్టలేదు, అదీ విచిత్రం. మూడింటి దాకా మెలకువగా ఉండి, లేని 88,500ని రూపాయల్లోకి మార్చుకుంటూ పడుకున్నాను.

మర్నాడు కుదురుగా కూర్చుని కెనడా గైడు మొదటి పేజీ నుంచి చదివాను. సెప్టెంబరులో సంతకం పెట్టింది నేనే, చదవకుండా. భార్యనో భర్తనో స్పాన్సర్ చేసేవాళ్ళకి ఇక్కడ కనీస ఆదాయమంటూ లేదు. తల్లిదండ్రుల్ని తెచ్చుకోవాలంటే ఆ లెక్కలన్నీ ఉంటాయి గానీ భార్యకి లేవు, కొన్ని అరుదైన కేసుల్లో తప్ప. దివాలాలో ఉండకూడదు, వైకల్యం కారణంగా తప్ప సోషల్ అసిస్టెన్స్, అంటే లేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం, తీసుకుంటూ ఉండకూడదు, అలాంటివి ఇంకొన్ని. ఉద్యోగం పోతే వచ్చే ఈఐ, అంటే ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్, ఆ సోషల్ అసిస్టెన్స్ కిందికి రాదు. మన జీతంలోంచి ప్రతిసారీ కోసిన ప్రీమియం అది, దానం కాదు.

ఇది తెలియకపోతే నిజంగానే మునిగేవాణ్ణి. ఎందుకంటే మా వీధిలోనే ఉండే ఒకాయన, మంచి మనిషే, “ఈఐ రావడానికి టైం పడుతుంది తమ్ముడూ, ఈలోగా ఒంటారియో వర్క్స్‌కి పెట్టెయ్, ఎవరూ అడగరు” అన్నాడు. ఒంటారియో వర్క్స్ అంటేనే సోషల్ అసిస్టెన్స్. అది తీసుకుంటే స్పాన్సర్‌గా నా అర్హతే పోయేది. ఆయనకి నా అప్లికేషన్ సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు.

అదే గైడులో ఇంకో మాట ఉంది. మా ఆవిడ పీఆర్, అంటే శాశ్వత నివాసి, అయిన రోజు నుంచి మూడేళ్ళు ఆమె అవసరాలన్నీ నా పూచీ. నా ఉద్యోగం పోయినా, మేం విడిపోయినా కూడా ఆ పూచీ పోదు. ఆ మూడేళ్ళలో ఆమె ప్రభుత్వ సాయం తీసుకుంటే నేను తిరిగి కట్టాలి. అంటే ఉద్యోగం పోవడం గురించి వాళ్ళు ముందే ఆలోచించి పెట్టుకున్నారు. ఆలోచించనిది నేనే. మార్పులేవైనా ఉంటే చెప్పాలి కాబట్టి ఇమిగ్రేషన్ వాళ్ళ వెబ్‌ఫారంలో మూడు వాక్యాలు రాసి పంపాను: పని పోయింది, ఈఐకి దరఖాస్తు పెట్టాను, సోషల్ అసిస్టెన్స్ తీసుకోవడం లేదు. మెసేజ్ అందిందని మెషిన్ జవాబొచ్చింది.

ప్రభుత్వానికి చెప్పేశాను గానీ పెళ్ళానికి చెప్పలేదు.

రోజూ పొద్దున పదకొండింటికి ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి తనకి ఫోన్ చేయడం నా అలవాటు. వైజాగ్‌లో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. తొమ్మిది రోజులపాటు బేస్‌మెంట్ వంటింట్లో నిలబడి అదే టైముకి, అదే “కాఫీ బ్రేక్, పది నిమిషాలే” అన్న గొంతుతో చేశాను. తొమ్మిదో రోజు బుధవారం. పప్పు పెట్టి మర్చిపోయాను. మాట మధ్యలో కుక్కర్ కూత పెట్టింది.

అటు నుంచి కాసేపు ఏమీ లేదు.

“ఆఫీసులో కుక్కర్ ఏటి?”

నాకు ఏమీ తోచలేదు. రెండో విజిల్ కూడా వచ్చింది. అప్పుడు చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. “కట్టిన డబ్బుల్లో ఎంత వెనక్కొస్తుంది?” అంది. అప్లికేషన్ మనమే వెనక్కి తీసుకుంటే, లేదా వాళ్ళు కాదంటే, పీఆర్ హక్కు ఫీజు 575 డాలర్లు ఖాయంగా తిరిగొస్తాయి, మిగతాది నమ్మకం లేదు అన్నాను. “అయితే తీసుకోవద్దు” అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కోపం ఉద్యోగం పోయినందుకు కాదు, తొమ్మిది రోజుల కాఫీ బ్రేకులకి. ఆ కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇంట్లో కుక్కర్ కూసినప్పుడల్లా నా వైపు ఒకసారి చూస్తుంది.

మావయ్యగారికి తనే చెప్పింది. ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, ఎక్కువ మాట్లాడరు. ఫోన్ తీసుకుని “తిండికి ఇబ్బంది లేదు కదా బాబూ?” అన్నారు. లేదన్నాను. “సరే అయితే” అని ఫోన్ కూతురికి ఇచ్చేశారు. అత్తగారు మాత్రం మార్గశిరం నాలుగు గురువారాలూ తెల్లవారకముందే బురుజుపేట వెళ్ళి, ఆ పెద్ద లైన్లో నిలబడి, కనకమహాలక్ష్మి అమ్మవారికి తన చేత్తో పసుపు కుంకుమ పెట్టి వచ్చారట. మూడో గురువారం దాటాక నాకు మెయిలొచ్చింది: స్పాన్సర్‌గా నాకు అర్హత ఉందని. అత్తగారు దానికి వేరే కారణమేదీ ఒప్పుకోరు. నేనూ వాదించలేదు.

ఉద్యోగ వేట గురించి రాయను. అందరి కథా ఒకటే. ఈఐ మాత్రం వారానికి 668 డాలర్లు, ఆ ఏడాదికి అదే గరిష్ఠం. అందులోంచి పన్ను పోతుంది. రెండు వారాలకోసారి ఆన్‌లైన్‌లో రిపోర్టు ఇవ్వాలి.

పెళ్ళయ్యాక మూడు వారాలకే నేను తిరిగొచ్చేశాను, సెలవు లేక. ఇప్పుడు టైమంతా నాదే, కానీ వెళ్ళకూడదు. దేశం దాటితే ఆ రోజులకి ఈఐ రాదు, చిన్న చిన్న మినహాయింపులు తప్ప. పోనీ డబ్బు పోతే పోయింది, కొన్నాళ్ళు వైజాగ్‌లోనే ఉండి ఇంటర్వ్యూలు అక్కడి నుంచే ఇద్దామంటే, నేను సిటిజన్ని కాదు, పీఆర్‌ని. పీఆర్ ఉన్నవాడు కెనడాలో ఉంటేనే స్పాన్సర్. చుట్టపుచూపుగా వెళ్ళి రావచ్చు, కాపురం పెట్టకూడదు. అందుకే పదహారు రోజులు. టికెట్ క్రెడిట్ కార్డు మీద కొన్నాను, తనకి చెప్పకుండా. ఈసారి దాచినందుకు తిట్టలేదు.

భోగి మంట దగ్గర పాత కుర్చీ ఒకటి వేశారు. కనుమ రోజు ఇద్దరం ఆర్కే బీచ్‌కి వెళ్ళి, కురుసుర సబ్‌మెరీన్ ఎదురుగా మురీ మిక్స్చర్ కొనుక్కుని కూర్చున్నాం. టొరంటోలో చలి ఎలా ఉంటుందని అడిగింది, నేనేదో చెప్పాను. తన కాలేజీ ఉద్యోగానికి రాజీనామా ఎప్పుడివ్వాలో తేల్చుకోలేకపోయాం. వీసా చేతికొచ్చాకే ఇవ్వు అన్నాను. మన ఇద్దరిలో జీతం వచ్చేది నీకొక్కదానికే అన్నాను. “గుర్తుంది” అంది.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు రిపోర్టు గడువు పడింది. డాబా మీద సిగ్నల్ బాగుంటుందని ఫోన్ పట్టుకుని ఎక్కాను. కింద ఎవరో మాడుగుల హల్వా డబ్బాలు లెక్కపెడుతున్నారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ప్రతిరోజూ పనికి సిద్ధంగా, అందుబాటులో ఉన్నారా? కాదు. కెనడా బయట ఉన్నారా? అవును. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? నొక్కాను. ఆ రోజులకి రావలసిన డబ్బు పోయింది.

వెనకనుంచి తను చూస్తోంది. “అన్నీ ఇంత నిజాయితీగా చెప్తావా వాళ్ళకి?” అంది.

కింద వంటింట్లో కుక్కర్ కూసింది.