రౌసేలో నాలుగు సమాధులు, ఒక్క రోజులో: నా అనుభవం

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో రౌసే ఒకటి. ఐదు వేల ఏళ్లు దాటిన నవీన శిలాయుగపు గదుల సమాధులు నాలుగు రోడ్డుకి అందుబాటులో ఉన్నాయి. ఏది ముందు చూడాలన్నదే ముఖ్యం.

ఆర్క్నీ ప్రధాన దీవిలోని టింగ్‌వాల్ రేవు నుంచి రౌసేకి పడవలో అరగంట లోపే. కారుకి చోటు ముందే బుక్ చేసుకోవాలి, పడవ చిన్నది. వెనక్కి నడుపుతూ ఎక్కించాలి కూడా.

రౌసేలో దిగే రేవుకి దగ్గర్లోనే ఉందని చాలామంది టావర్సో ట్యూక్ సమాధితో మొదలుపెడతారు. నేను మాత్రం అన్నిటికంటే దూరమైన మిడ్‌హౌకే ముందు వెళ్తాను. 1932-33లో తవ్వి తీసిన ఈ సమాధికి పైకప్పు మిగల్లేదు. ఇప్పుడు దాన్ని పెద్ద షెడ్డు కాపాడుతోంది. లోపలి నడకదారి మీద నిలబడితే 23 మీటర్ల గది మొత్తం కింద పరిచినట్టు కనిపిస్తుంది: రెండు పక్కలా జంటలుగా నిలిపిన రాతి పలకలు, వాటి మధ్య పన్నెండు అరలు, ఒక పక్కన అరుగులు. పాతిక మంది అవశేషాలు ఇక్కడే దొరికాయి. ఈ నమూనా కళ్లకి పడితే మిగతా చోట్ల చీకట్లో కూడా ఏ అరలో ఉన్నామో తెలుస్తుంది. రోడ్డు నుంచి తీరానికి నిటారు దిగుడు. తిరిగి ఎక్కడానికే ఎక్కువ టైమ్ ఉంచుకోండి, తడి గడ్డి జారుతుంది.

తర్వాత యార్సో, కొండ ఎక్కాలి. అరలు నాలుగే, కానీ కనీసం 29 మంది ఎముకలు, వాటితో పాటు 36 దుప్పులవీ దొరికాయి. మనుషుల కంటే దుప్పులే ఎక్కువ! బ్లాక్‌హామర్‌లో అసలు వాకిలి రాళ్లతో మూసేసి ఉంది, కప్పులోని తలుపు తీసి నిచ్చెన మీద దిగాలి. ఏడు అరలున్నా దొరికింది ఇద్దరి ఎముకలే. పైకొచ్చాక తలుపు మూసెయ్యండి.

చివరికి టావర్సో ట్యూక్. 1898లో బయటపడిన ఈ సమాధికి రెండు అంతస్తులు. కింది గది కప్పు రాళ్లే పై గదికి నేల. ఎదురెదురు దిక్కుల్లో రెండు వాకిళ్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కట్టారు. ఇప్పుడు పై గది నుంచి నిచ్చెన ఉంది. బ్యాగు బయటే వదిలేసి, తలకి కట్టుకునే లైటు పెట్టుకోండి. నిచ్చెనకి రెండు చేతులూ కావాలి, ఫోన్ లైటు పనికిరాదు.

బయల్దేరే ముందు నాలుగూ తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి, మరమ్మతులకి మూసేస్తుంటారు. పడవకి టైమ్ చాలకపోతే నేను వదిలేసేది బ్లాక్‌హామర్‌ని.