భీమిలి రోడ్డు మీద కొత్త కాళ్లు

విశాఖ బీచ్ రోడ్డు గురించి ఎవరు రాసినా సముద్రం గురించే రాస్తారు. సైకిల్ మీద భీమిలి వెళ్లేవాడికి సముద్రం కుడిచేతి పక్క, రోడ్డుకి అవతల ఉంటుంది. ఎడమ అంచున తొక్కుతుంటే కళ్లముందు ఉండేవి ఆగిన కార్లు, వాటి తలుపులు. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు కాబట్టి కారుకి మూడడుగుల దూరంలో పోవాలి. సముద్రాన్ని తీరిగ్గా చూడాలంటే తిరుగు ప్రయాణంలోనే. తీరా అప్పటికి చూసే ఓపిక కొత్తవాళ్లలో ఎవరికీ మిగలదు. ఈసారి మాతో వచ్చినవాళ్లలో సగం మంది కొత్తవాళ్లే. సైకిల్ మీద మోజు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చస్తుందో ఆ పాతిక కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు మీదే కనిపించింది.

పొద్దున్నే ఆర్కే బీచ్ దగ్గర కాసేపు బళ్లు ఆపేస్తారు. అప్పుడు రోడ్డంతా నడిచేవాళ్లదీ, స్కేటింగ్ పిల్లలదీ, సైకిల్ నేర్చుకునే పెద్దవాళ్లదీ. కురుసుర సబ్‌మెరైన్ ముందు నలభై దాటిన ఒకావిడ సైకిల్ మీద బిగుసుకుపోయి కూర్చుంది. వాళ్లాయన సీటు వెనక పట్టుకుని పరిగెడుతున్నాడు. ఆయన పట్టుకున్నంతసేపూ ఆవిడకి బ్యాలెన్స్ రాదు. సైకిల్ ఎటు ఒరుగుతోందో ఆయన చేతికి తెలుస్తోంది గానీ ఆవిడ ఒంటికి తెలియడం లేదు. పిల్లల సైకిళ్లకి బిగించే పక్క చక్రాలదీ ఇదే లోపం. అవి సైకిల్‌ని అసలు ఒరగనివ్వవు. ఒరిగినవైపే హ్యాండిల్ కాస్త తిప్పితే సైకిల్ మళ్లీ నిలబడుతుందన్న సంగతి ఒరిగితేనే కదా తెలిసేది.

పెద్దవాళ్లకి సులువైన దారి పెడళ్లు ఊడదీసేయడం. 15 నంబర్ పానా చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి ఉంటాయి, గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు నట్టులా బలవంతంగా రెండోవైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. సీటు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేంత కిందికి దించి, కొద్దిపాటి వాలు చూసుకుని, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవాలి. చూపు ముందు చక్రం మీద కాదు, ముప్పై అడుగుల అవతల. తన్నుడుకీ తన్నుడుకీ మధ్య కాళ్లు ఎత్తిపెట్టే సమయం మెల్లగా పెరుగుతుంది. రెండు కాళ్లూ గాల్లో ఉండగా సైకిల్ తనంతట తాను నాలుగైదు సెకన్లు పోయిందా, మనిషి మొహం మారిపోతుంది. ఆ తర్వాత పెడళ్లు బిగించడం లాంఛనమే. చాలామందికి ఒకటి రెండు పూటల పని.

నేర్చుకున్నాక కూడా సీటు అక్కడే వదిలేస్తారు చూడండి, అసలు చిరాకు అదీ. మావాళ్లు తెచ్చిన అద్దె సైకిళ్లన్నిటికీ సీటు అడుగంటా దించి ఉంది. కాళ్లు నేలకానితే పడిపోరని అద్దెకిచ్చేవాళ్ల ధీమా. పడిపోరు, నిజమే. కానీ మోకాలు సగం మడిచే తొక్కాలి, కాలు ఎప్పుడూ పూర్తిగా చాచుకోదు, భారమంతా తొడ ముందు భాగం మీదా మోకాలిచిప్ప మీదా పడుతుంది. పది కిలోమీటర్లకి మోకాలి ముందు సన్నటి నొప్పి మొదలవుతుంది. వయసనుకుంటారు, బరువనుకుంటారు, సైకిల్ మనకి పడదనుకుంటారు. వెనకటికి గంటల లెక్కన పెద్ద సైకిల్ అద్దెకి తీసుకుని, సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కిన పిల్లలకి ఈ బాధ లేదు. వాళ్లు తొక్కింది నిలబడి!

సరిచేయడం నిమిషం పని. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ని అడుక్కి తెచ్చి, దాని మీద మడమ ఆనించాలి. నడుము ఒకపక్కకి జారకుండా కాలు నిటారుగా చాచుకుంటే ఎత్తు సరిపోయినట్టు. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండేది మడమ కాదు, పాదం ముందు భాగం. అప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదే కావలసింది. భయపడేవాళ్లకి ఒక్కో సెంటీమీటరే పెంచుకుంటూ పోవచ్చు. సీటు కింది గొట్టం మీద గీత కనిపించేంత పైకి మాత్రం లాగకూడదు, గొట్టం వంగుతుంది, లేదా ఫ్రేమే పగులుతుంది. ఇక ఆగడం. ఎత్తు సీటు మీద కూర్చునే కాలు దించబోతే పడతారు. బ్రేకు పట్టి, సీటు మీంచి ముందుకి దిగి, ఒక కాలు నేల మీద పెట్టాలి. ఈ ఒక్క ముక్కా ఎవరూ చెప్పరు, అందుకే సీట్లు కిందనే ఉండిపోతాయి.

మాతో వచ్చిన ఒక టీచరమ్మకి వుడా పార్కు దగ్గర సీటు రెండంగుళాలు పెంచాం. పది గజాలు పోయి వెనక్కి తిరిగి, "ఇది వేరే సైకిలా అండీ?" అంది.

తెన్నేటి పార్కు ఎత్తు దగ్గర గేర్ల కథ. మాలో ఒక జిమ్ కుర్రాడు నాలుగంగుళాల లావు టైర్ల సైకిల్ తెచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఇసుకలో బాగా పోతుంది. తారు రోడ్డు మీద మాత్రం ఆ టైరు బరువూ దాని రాపిడీ మోయడానికే సగం సత్తువ ఖర్చవుతుంది. పైగా చైను ముందు పెద్ద పళ్లచక్రం మీద, వెనక చిన్నదాని మీద. "తమ్ముడూ, ఎత్తు రాకముందే గేరు దించు" అంటే, "పర్లేదన్నా, లాగేస్తా" అన్నాడు. సగం ఎత్తులో లాగలేక, కాళ్ల మీద బరువు మోపుతూనే గేర్ మీట నొక్కాడు. కడకడమని చైను ఊడి ఫ్రేమ్ మీద పడింది.

లెక్క ఇది. మామూలు 21 గేర్ల హైబ్రిడ్‌కి (రోడ్డు సైకిల్‌కీ కొండల సైకిల్‌కీ మధ్యరకం) ముందు 42, 34, 24 పళ్లూ, వెనక 14 నుంచి 28 దాకా పళ్లూ ఉంటాయనుకుందాం. 42, 14 మీద చైను ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ ఆరున్నర మీటర్లు పోవాలి. 24, 28 మీద రెండు మీటర్లు కూడా పోదు. ఎత్తెక్కడానికి కావలసింది రెండోది, కానీ కొత్తవాళ్లకి చిన్న గేరంటే నామోషీ. ఎడమ మీట ముందు చక్రాలది, కుడి మీట వెనకవాటిది. రోడ్డు పైకి లేవబోతుండగానే, కాళ్లు తేలిగ్గా తిరుగుతుండగానే మార్చుకోవాలి. ముందు పెద్దది, వెనక పెద్దది ఒకేసారి పెడితే చైను ఏటవాలుగా లాగబడి అరిగిపోతుంది. సమతలం మీద పదిహేను సెకన్లలో కుడి మోకాలు ఇరవైసార్లు పైకి వస్తోందంటే గేరు సరైనదే. పదిసార్లే వస్తోందంటే మోకాళ్లని తినేస్తున్నట్టు. చైను ఊడితే కంగారు అక్కర్లేదు: వెనక గేర్ల కింద వేలాడే పంజాని వేలితో ముందుకి తోస్తే చైను వదులవుతుంది, ముందు చిన్న చక్రం పళ్లకి అడుగున తగిలించి పెడల్ వెనక్కి తిప్పితే అదే ఎక్కుతుంది.

రుషికొండ దగ్గర టిఫిన్. ఇడ్లీ ధరలు కూడా సముద్రాన్ని చూపించే వసూలు చేస్తున్నారు. చట్నీ రెండోసారి అడిగితే చూసిన చూపు వేరే. తొక్కేవాళ్లకి అంత తిండి అక్కర్లేదు కూడా. గంటకో అరటిపండు, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఉక్కపోతలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి.

మంగమారిపేట, తొట్లకొండ మలుపు, ఎర్రమట్టి దిబ్బలు ఎప్పుడు దాటామో తెలీలేదు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటూ, డచ్చివాళ్ల సమాధులూ అందరూ చూసినవే. మాకు అక్కడ పంచర్ పడింది, అంచేత ఊరికంటే పంచర్ షాపే ఎక్కువ చూశాం. పెద్దాయన టైరు నొక్కి చూసి, "గాలేటమ్మా ఇలగుంది? తుమ్ముల్లు కాదమ్మా, రిమ్ము కొరికీసింది" అన్నాడు. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటు లాగా. గాలి తక్కువున్న టైరు గుంతలో పడితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి ఇలాగే రెండుచోట్ల తెగుతుంది. రెండంగుళాల టైరుకి 40 పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), సన్న హైబ్రిడ్ టైరుకి 60 దాకా ఉండాలి. టైరు పక్కనే రాసి ఉంటుంది, బొటనవేలితో నొక్కి చెప్పలేం. ఆయన ట్యూబు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, బీడీ వెలిగించుకున్నాడు. సొల్యూషన్ మెరుపు పోయేదాకా ఆగాకే ప్యాచ్ అంటించాడు. తొందరపడి తడిమీద అంటించినవే మళ్లీ ఊడేవి. అతుకు పడ్డాక టైరు లోపలంతా వేలితో తడిమి చూశాడు. ముల్లు ఉండిపోతే కొత్త ట్యూబైనా రెండు కిలోమీటర్లే కదా.

ఇక తిరుగు ప్రయాణం. వేసవి నెలల్లో ఇక్కడ గాలి నైరుతి నుంచి, తీరం వెంబడే వీస్తుంది, తొమ్మిది దాటితే ఊపందుకుంటుంది. వెళ్లేటప్పుడు అది వీపు మీద ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు అదంతా తమ బలమే అనుకుంటారు. 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే వెనకనుంచి 15తో గాలి వీస్తే ఒంటికి గాలి తగలనే తగలదు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి 30తో తగులుతుంది, అడ్డుకునే బలం గాలి లేనప్పటికంటే నాలుగు రెట్లు. జిమ్ కుర్రాడు గట్టి గేర్‌లో దాంతో కుస్తీ పట్టి సాగర్‌నగర్ రాకముందే కూలబడ్డాడు. టీచరమ్మ రెండు గేర్లు దించుకుని, మోచేతులు వంచి, ముందువాడి వెనక ఒక సైకిల్ పొడవు వదిలి, తీరిగ్గా వచ్చింది. ముందువాడి చాటు కొంత శ్రమ మిగులుస్తుంది. అయితే వాడి వెనక చక్రానికి మన ముందు చక్రం తగిలితే పడేది మనమే, కాబట్టి మాట్లాడుకోకుండా పోవాలి. శీతాకాలంలో గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అప్పుడు పోయేటప్పుడే కష్టం, కొత్తవాళ్లకి అదే నయం.

చివర్లో అందరి ప్రశ్నా ఒకటే: ఏ సైకిల్ కొనాలి? గేర్లెన్నో చూసి కొనొద్దు, ముందూ వెనకా స్ప్రింగులు చూసి అసలే కొనొద్దు. చౌక స్ప్రింగులు తొక్కిన బలాన్ని అవే మింగుతాయి. పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి, సైజు అంటే ముందుగా చూడాల్సింది అది. మెత్తటి జెల్ సీటు కవరుకి డబ్బు తగలేయొద్దు. అరగంటలో అందులోకి దిగబడి రాపిడి పెరుగుతుంది. ప్యాడ్ ఉన్న నిక్కరు కొని, లోపల ఇంకేమీ వేసుకోకుండా తొడుక్కుంటే చాలు. ఇంటికెళ్లగానే చైను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క చైను నూనె వేసి, పది నిమిషాలాగి పైనున్నదంతా గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే బీచ్ ఇసుకంతా దానికే అంటుకుంటుంది. అసలు కడగనేలేదా, ఉప్పుగాలికి రెండ్రోజుల్లో తుప్పు.