రేపటి పీరియడ్ గురించి మాట్లాడే మనిషి

మా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేది నేనొక్కదాన్నే. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎలా వస్తుందో ఏడో తరగతికి ఎలా నచ్చచెప్పాలని అడగడానికి స్టాఫ్‌రూమ్‌లో మరో లెక్కల టీచరు లేరు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సాటివారు కలుస్తారు కానీ, నివేదికలు, అప్‌లోడ్ చేయాల్సిన వివరాలతోనే పూట గడిచిపోతుంది. ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవడానికి వెచ్చించాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. అందుకోసం ప్రభుత్వ దీక్ష యాప్‌లో ఆన్‌లైన్ కోర్సులు చేస్తూనే ఉన్నాను. అయితే నాకు కావలసింది రేపటి పీరియడ్ గురించి మాట్లాడే మనిషి. అలాంటివారు నాకు హ్యాష్‌ట్యాగ్‌లలో, అంటే # గుర్తు పెట్టి రాసే, నొక్కితే ఆ విషయం మీద అందరూ రాసినవి చూపించే మాటల్లో, దొరికారు.

ఉపాధ్యాయుల ట్యాగుల్లో బాగా పేరున్నది #ఎడ్‌చాట్. 2009లో అమెరికాలో మొదలైంది. వారానికోసారి, అనుకున్న వేళకు, అందరూ ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) ఒకే అంశం మీద మాట్లాడుకునేవారు. పద్ధతి చక్కనిదే కానీ, హోంవర్క్, పరీక్షలు, నాయకత్వం అంటూ అంశాలు మరీ విశాలం. నాకు అక్కరకొచ్చింది #ఎంటీబీఓఎస్ (MTBoS, ‘మ్యాథ్ ట్విట్టర్ బ్లాగోస్ఫియర్’). ట్విట్టర్‌లోనూ బ్లాగుల్లోనూ రాసే లెక్కల టీచర్ల ట్యాగు అది. ఒకరు తమ విద్యార్థి చేసిన తప్పు లెక్క ఫొటో పెడతారు. ఆ పిల్లవాడు ఏమనుకుని అలా చేసి ఉంటాడో మిగతావాళ్లు ఆలోచిస్తారు. తప్పును దిద్దడానికి ముందు దాన్ని చదవాలని నేను నేర్చుకున్నది అక్కడే. ఏ శిక్షణ తరగతిలోనూ అంత శ్రద్ధగా ఒక్క తప్పు చుట్టూ కూర్చున్నది లేదు.

#డబ్ల్యూఓడీబీ (WODB, ‘విచ్ వన్ డజంట్ బిలాంగ్’) అని ఇంకొకటి ఉంది. నాలుగు సంఖ్యలో బొమ్మలో ఇచ్చి, ఇమడనిది ఏదని అడుగుతారు. దేన్ని ఎంచుకున్నా కారణం చెప్పగలగాలి. కెనడా టీచరు మేరీ బురాసా ఇలాంటివి ఒక వెబ్‌సైట్‌లో పోగుచేశారు. ఆ పద్ధతిలో నేను ఎనిమిదో తరగతి బోర్డు మీద 7, 9, 25, 64 రాశాను. ఏడు వర్గసంఖ్య కాదని ముందు బెంచీల వాళ్లు వెంటనే చెప్పేశారు. ఇంకేముందని అడిగాను. అరవై నాలుగొక్కటే సరిసంఖ్య అన్నారు. ఐదుతో భాగించబడేది ఇరవై ఐదొక్కటే అన్నారు. కాసేపటికి, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి కిటికీ పక్క నుంచి, ‘తొమ్మిది మూడో ఎక్కంలో వస్తుంది టీచర్, మిగతావి రావు’ అంది. ఆ వెంటనే వెనక నుంచి ఒకడు, ‘అరవై నాలుగు నాలుగుకు ఘనం కూడా’ అని లేచాడు. ఘనాల పాఠం ఇంకా మొదలుపెట్టనే లేదు! ఆ రోజు పాఠం అక్కడి నుంచే నడిచింది.

ఇది తెలుగులోనూ జరగాలని నా గట్టి కోరిక. మన దగ్గర మంచి టీచర్లకు కొదవ లేదు, వాళ్ల అనుభవమంతా వాట్సాప్ గ్రూపుల్లో మునిగిపోతోంది. నిన్న ఒకరు భిన్నాల గురించి పెట్టిన అద్భుతమైన ఆలోచన ఇవాళ్టి సర్క్యులర్ల కిందికి పోతుంది, గ్రూపులో లేనివారికి అసలే అందదు. అదే విషయాన్ని ట్యాగుతో బహిరంగంగా పెడితే, వచ్చే ఏడాది భిన్నాలు మొదలుపెట్టే మరో మండలం టీచరు వెతుక్కోగలరు. తెలుగు లిపిలోనూ ట్యాగు పనిచేస్తుంది. మధ్యలో ఖాళీ వదిలితే మాత్రం అక్కడికి తెగిపోతుంది, కాబట్టి #తెలుగులెక్కలు అని కలిపి రాయాలి. వెంట తరగతి, పాఠం పేరు ఉంటే చాలు.

ఒక్క విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. పిల్లల ముఖాలు, పేర్లు పెట్టను. నోట్‌బుక్ ఫొటో తీసేటప్పుడు పేరున్న భాగం కనబడకుండా చూస్తాను. పేరు లేకపోయినా తప్పు లెక్క మనకు అంతే నేర్పుతుంది.

ఈ వారం మీ తరగతిలోనూ ఆ నాలుగు సంఖ్యలు రాసి చూడండి. మా పిల్లలకు తట్టని కారణం మీ పిల్లలు చెబితే, #తెలుగులెక్కలు ట్యాగుతో పెట్టండి. మా బోర్డు మీద రాసి చూపిస్తాను.