ఫైఫ్ తీరంలో నలుగురి గోల్ఫ్: ప్లాన్ ఎలా కుదిరిందంటే

గోల్ఫ్ ఆడటానికి స్కాట్లాండ్ వెళ్తున్నామని చెబితే చాలు, వినేవాళ్లు అడిగే మొదటి మాట "ఓల్డ్ కోర్సు దొరికిందా?" అనే. సెయింట్ ఆండ్రూస్‌లోని ఆ కోర్సులో మనకి చోటు దొరుకుతుందో లేదో చాలామందికి ఆడబోయే రోజుకి రెండు రోజుల ముందు దాకా తెలియదు. అందుకే అది దొరక్కపోయినా ట్రిప్ పాడవకూడదు అనే ఒక్క షరతు పెట్టుకుని మేం ప్లాన్ మొదలుపెట్టాం. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే జరిగాయి.

వెళ్లింది నలుగురం. నేను, మా బావ, మా ఇద్దరి స్నేహితులు రఘు, శీను. ప్లాన్ బాధ్యత నా మీద పడింది, ఎందుకంటే ఎక్సెల్ షీటు తెరిచింది నేనే.

బావ ఇచ్చిన మొదటి లిస్టు చూస్తే కళ్లు తిరిగాయి. లైట్‌హౌస్ పక్కన ఆడే టర్న్‌బెర్రీ, "పోస్టేజ్ స్టాంప్" అని పిలిచే చిన్న 8వ హోల్ (బంతిని గుంటలో వేసేదాకా ఆడే ఒక్కో భాగాన్ని హోల్ అంటారు) ఉన్న రాయల్ ట్రూన్, 1860లో మొట్టమొదటి ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగిన ప్రెస్ట్‌విక్, సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ, మ్యూర్‌ఫీల్డ్, ఆ పైన ఎక్కడో ఉత్తరాన రాయల్ డోర్నాక్. మ్యాప్ మీద పెట్టి చూపించాను. మూడు పడమటి తీరంలో, మూడు తూర్పున, ఒకటి హైలాండ్స్‌లో. "బావా, ఇది గోల్ఫ్ ట్రిప్పా, డ్రైవింగ్ టెస్టా?" అంటే, "అంత దూరం వెళ్లి చూడకుండా వస్తామా" అన్నాడు. ఈ వాదన కొన్ని వారాలు నడిచింది.

నేను పట్టుబట్టిన విషయం ఒక్కటే. లింక్స్ కోర్సుల్లో, అంటే సముద్రతీరపు ఇసుక నేల మీది కోర్సుల్లో, నడవాలి. ఒంట్లో బాగోలేనివాళ్లకి తప్ప బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఇవ్వని కోర్సులే ఎక్కువ. ఇసుక దిబ్బల మీద, ఎదురుగాలిలో, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చాక మళ్లీ మూడు గంటలు కారు తోలే ఓపిక ఎవరికీ ఉండదు. రోజూ హోటల్ మారితే బట్టలు ఆరవు, బూట్లు ఆరవు. కాబట్టి ఒకే చోట మకాం పెట్టి చుట్టుపక్కల ఆడాలి. అలా ఆలోచిస్తే తూర్పు తీరంలో సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఫైఫ్ ప్రాంతాన్ని మించింది లేదు. సెయింట్ ఆండ్రూస్‌లో దిగితే కింగ్స్‌బార్న్స్, క్రైల్, ఈలీ అన్నీ తీరం వెంబడే దగ్గర్లో ఉంటాయి. టే నది వంతెన దాటి డండీ మీదుగా వెళ్తే కార్నూస్టీ. చివర్లో ఎడిన్‌బరో అవతల నార్త్ బెర్విక్‌లో కొద్దిగా ఆగి విమానం ఎక్కేయొచ్చు. పడమటి తీరం మొత్తం లిస్టులోంచి కొట్టేశాం. బావ చాలా రోజులు ముభావంగా ఉన్నాడు.

మ్యూర్‌ఫీల్డ్ మాత్రం అతనే వదులుకున్నాడు. బయటివాళ్లని మంగళ, గురువారాల్లోనే రానిస్తారు, చాలా ముందే రాసుకోవాలి. డైనింగ్ రూములో భోంచెయ్యాలంటే కోటు, టై ఉండాలి. "భోజనానికి టై కట్టుకోవాలా? అక్కర్లేదు" అని తనే లిస్టులోంచి తీసేశాడు. ఫీజు సంగతి నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

నెల ఎంచుకోవడం తేలికగా అయిపోయింది. మే చివరి వారం. అప్పటికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. పొద్దున ఒక కోర్సు ఆడి, కాస్త పడుకుని లేచి, సాయంత్రం తక్కువ ఫీజుకి ఇంకో తొమ్మిది హోల్స్ ఆడుకోవచ్చు. ముళ్లపొదలు పసుపు పూలతో నిండి ఉండే కాలం కూడా. చూడటానికి ఎంత బాగుంటాయో, బంతి అందులో పడితే వెతకడం అంత దండగ. శరదృతువులో వెళ్దామనుకునేవాళ్లు అక్టోబరు మొదట్లో డన్‌హిల్ లింక్స్ టోర్నమెంటు ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ మూడూ ఆ వారం దానికే పోతాయి. ఇంకా చలికాలానికి జరిగితే ఓల్డ్ కోర్సు ఫెయిర్‌వే (హోల్ పొడవునా కత్తిరించిన గడ్డి దారి) మీద చిన్న చాప ముక్క వేసి, బంతిని దాని మీద పెట్టి కొట్టిస్తారు. గడ్డిని కాపాడుకోవడానికి అది అవసరమే కానీ, అంత ఖర్చు పెట్టి వెళ్లి చాప మీద ఆడటం నాకైతే నచ్చదు.

ఇక హ్యాండికాప్, అంటే ఆటగాడి స్థాయిని చెప్పే అధికారిక అంకె. మాలో ముగ్గురికి ఉంది, శీనుకి లేదు. ఇన్నేళ్లుగా సరదాకి ఆడుతూ వచ్చాడు, స్కోరు కార్డు ఎక్కడా ఇవ్వలేదు. పేరున్న లింక్స్ కోర్సులు చాలావరకు సర్టిఫికెట్ అడుగుతాయి, ఓల్డ్ కోర్సయితే తప్పకుండా అడుగుతుంది. అందుకని అతన్ని క్లబ్బులో చేర్పించి, కార్డులు వేయించి, అధికారికంగా నంబరు తెప్పించాం. స్నేహితుల మధ్య చెప్పుకునే స్కోరుకీ, కార్డు మీద పడ్డ స్కోరుకీ తేడా చూసి పాపం అతనే కంగారుపడ్డాడు. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) బుక్ చేసేటప్పుడు నలుగురి హ్యాండికాప్‌లూ అడిగారు కాబట్టి ఈ పని ముందే ముగించడం మంచిదైంది.

ఇప్పుడు అసలు సంగతి, ఓల్డ్ కోర్సు. మెంబరు ఎవరైనా సిఫారసు చేస్తే గానీ లోపలికి రానివ్వరని బావ చాలాకాలం నమ్మాడు. నిజానికి అది జనం భూమి. సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ అక్కడ ఏడు కోర్సులు నడుపుతుంది, ఏడింటిలోనూ ఎవరైనా ఆడొచ్చు. ఓల్డ్ కోర్సు అందరికీ కావాలి, అదే చిక్కు. చోటు సంపాదించే దారులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ముందు ఏడాది ఆగస్టు చివర్లో దరఖాస్తు పెట్టుకోవడం. మేం ప్లాన్‌కి కూర్చున్నదే చలికాలంలో, కాబట్టి అది మాకు వర్తించలేదు. రెండోది, గ్యారంటీ టైముతో హోటలూ మిగతా కోర్సులూ కలిపి అమ్మే ప్యాకేజీలు. ఒక ఏజెన్సీ ఇచ్చిన కొటేషన్ చూసి నలుగురం కాసేపు మాట్లాడలేదు. ఓల్డ్ కోర్సు సీజన్ ఫీజే 300 పౌండ్లు దాటింది, ప్యాకేజీ దానికి ఎక్కడా పొంతన లేకుండా ఉంది.

మిగిలింది బ్యాలట్, అంటే లాటరీ. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు, ఎక్కువలో ఎక్కువ నలుగురు. సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, సోమవారం ఆడేందుకు శనివారమే పేరివ్వాలి. ఇవి తెలియకుండా హోటల్ తేదీలు వేసుకుంటే బ్యాలట్ అవకాశాలు ఉత్తినే పోతాయి.

బ్యాలట్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది గెలవకపోవడం కాదు, గెలిస్తే ఏం చెయ్యాలో తెలియకపోవడం. ఆ రోజుకి కార్నూస్టీలో డబ్బు కట్టేసి ఉంటే, వెనక్కి రాని డబ్బు వదులుకోవాలా, ఓల్డ్ కోర్సు వదులుకోవాలా? అందుకని కట్టిన డబ్బు తిరిగిరాని కోర్సులు రెండూ, అంటే కింగ్స్‌బార్న్స్, కార్నూస్టీ, ట్రిప్ మొదట్లోనే పెట్టేశాం. ఆ రోజులకి బ్యాలట్ జోలికి పోలేదు. తరవాతి రోజులు కావాలనే వదులుగా ఉంచాం. ఆ రోజుల్లో పేరు రాకపోతే ట్రస్ట్‌దే 1895 నాటి న్యూ కోర్సు గానీ, జూబ్లీ గానీ అప్పటికప్పుడు అడిగి ఆడొచ్చు. షీటులో ఖాళీ గడులు చూసి బావకి టెన్షన్. "అంత దూరం వెళ్లి గదిలో కూర్చోవాల్సి వస్తుందేమో" అని రోజూ ఫోన్ చేసేవాడు. నా లెక్కలో ఆ ఖాళీలే ప్లాన్‌లో విలువైన భాగం.

నలుగురం ఒకే దరఖాస్తు పెట్టాలా, ఇద్దరిద్దరుగా రెండు పెట్టాలా అని ఇంకో తగువు. రెండు పెడితే కనీసం ఇద్దరికైనా రావచ్చని రఘు వాదన. వచ్చిన ఇద్దరూ రాత్రి భోజనం దగ్గర చెప్పే కబుర్లు రాని ఇద్దరూ భరించాలి కదా అని శీను. శీను మాటే నెగ్గింది.

బండి విషయం చిన్నదే కానీ చెప్పాలి. నలుగురు మనుషులు, నాలుగు గోల్ఫ్ బ్యాగులు, నాలుగు పెట్టెలు మామూలు కారులో పట్టవు. వ్యాన్ తీసుకున్నాం. సెయింట్ ఆండ్రూస్‌కి రైల్వే స్టేషన్ లేదు, దగ్గరి స్టేషన్ లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. బ్యాగులతో ఆ పని చెయ్యలేం. నార్త్ బెర్విక్‌కైతే ఎడిన్‌బరో నుంచి నేరుగా రైలుంది.

వెళ్లేముందు చేసిన ప్రాక్టీసు గురించి రెండు మాటలు. లింక్స్ నేల కింద ఇసుక. వాన నీరు నిలవదు, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక ఇంకా చాలాదూరం దొర్లుతుంది. పైకి లేపి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మెత్తగా దించుదామంటే గాలి ఒప్పుకోదు, నేలా ఒప్పుకోదు. కిందగా కొట్టి దొర్లించాలి. గ్రీన్‌కి ఇరవై గజాల బయట నుంచి కూడా పటర్ (బంతిని దొర్లించే కర్ర) వాడటం తప్పేమీ కాదు, చాలాసార్లు అదే తెలివైన పని. బయల్దేరే ముందు వారాల్లో ఇదే సాధన చేశాం. బావ మాత్రం బంతిని పైకి లేపే తన వెడ్జిని వదల్లేదు.

గాలి లెక్క అక్కడికి వెళ్లాకే అర్థమవుతుంది. ఒకే దూరానికి వెళ్లేటప్పుడు తీసిన క్లబ్ (కొట్టే కర్ర) వేరు, తిరిగొచ్చేటప్పుడు తీసిన క్లబ్ వేరు, మధ్యలో మూడు నాలుగు క్లబ్బుల తేడా. గొడుగు తీసుకెళ్లకండి, గాలిలో తిరగబడుతుంది. మంచి రెయిన్ సూటు, వానలో జారని గ్లవ్స్ జత మీద ఖర్చు పెట్టండి. ఆ తూర్పు తీరంలో ఒక్కోసారి సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొస్తుంది, స్థానికులు హార్ అంటారు. క్రైల్‌లో ఒక హోల్ ఎండలో మొదలుపెట్టి, జెండా కనబడకుండా ముగించాం.

కార్నూస్టీ మమ్మల్ని నలిపేసింది. చివరి హోల్స్‌లో బ్యారీ బర్న్ అనే వాగు మెలికలు తిరుగుతూ అడ్డం పడుతుంది. 1999 ఓపెన్‌లో జాన్ వాన్ డి వెల్డె మూడు షాట్ల ఆధిక్యంతో 18వ హోల్‌కి వచ్చి, ఆ వాగు దగ్గరే చిక్కుకుని 7 షాట్లు కొట్టి, ప్లేఆఫ్‌లో పాల్ లారీకి టైటిల్ వదిలేశాడు. టీవీలో చూసినప్పుడు ఇంత వాగు దాటలేడా అనుకున్నాను. అక్కడ నిలబడ్డాక ఆ మాట అనలేదు.

నాకు బాగా నచ్చింది ఈలీ. 16 హోల్స్ పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సినవి), మిగతా రెండూ పార్ 3, పార్ 5 అనేదే లేదు. మొదటి హోల్ ముందు గుట్ట అడ్డం, అవతల ఎవరున్నారో కనబడదు. అందుకని స్టార్టర్ (ఆట మొదలుపెట్టించే ఉద్యోగి) గదిలో పాత జలాంతర్గామి పెరిస్కోప్ పెట్టారు. ముందువాళ్లు దాటారో లేదో అందులోంచి చూసి మనల్ని కొట్టమంటారు. శీను ఆడటం కన్నా ఆ పెరిస్కోప్‌లో చూడటానికే ఎక్కువ ఉత్సాహపడ్డాడు. నార్త్ బెర్విక్‌లో 13వ హోల్ గ్రీన్‌కి ముందు రాతిగోడ ఉంటుంది. గోడ జరపడం కుదరదు, దాని మీంచే కొట్టాలి. పెద్ద పేరున్న కోర్సుల్లో స్కోరు గురించి ఆలోచించాం, ఈ రెండు చోట్లా నవ్వుకున్నాం. ఫీజు కూడా తక్కువే.

బ్యాలట్‌లో మా పేరు రాలేదు. ప్రతిసారీ సాయంత్రం ఫోన్ తెరిచి నలుగురం తలలు ఆనించి చూడటం, మూసెయ్యడం. బావ ఊరుకోకుండా ఒంటరి ఆటగాళ్ల డ్రాలో కూడా పేరిచ్చాడు. 2024కి ముందు దానికోసం రాత్రంతా బయట క్యూలో నిలబడేవారట. ఇప్పుడు ముందు రోజే స్వయంగా వెళ్లి నమోదు చేసుకుంటే డ్రా తీస్తారు. అందులోనూ రాలేదు. కానీ ఆదివారం సెయింట్ ఆండ్రూస్‌లో ఉండేలా చూసుకోవడం కలిసొచ్చింది. ఆ రోజు ఓల్డ్ కోర్సు ఊరివాళ్ల పార్కు. కుక్కల్ని తిప్పేవాళ్ల మధ్య తీరిగ్గా నడుస్తూ స్విల్కన్ వంతెన, హెల్ బంకర్ అనే ఇసుక గొయ్యి, రెండేసి హోల్స్ పంచుకునే పెద్ద గ్రీన్లు అన్నీ చూశాం. ఆ జంటల నంబర్లు కూడితే ప్రతిసారీ 18 వస్తుందని రఘు కనిపెట్టి, అది కొత్త విషయమన్నట్టు అందరికీ చెప్పాడు. పైసా ఖర్చు లేదు. పక్కనే హిమాలయాస్ అని ఎగుడుదిగుడు పటింగ్ గ్రీన్ ఉంది, 1867లో మొదలైన మహిళల పటింగ్ క్లబ్బుది. కొద్ది పౌండ్లకే ఎవరైనా ఆడొచ్చు. ట్రిప్ మొత్తంలో గట్టి పందేలు అక్కడే కాశాం.

ఖర్చులో చాలామంది వదిలేసేది కేడీ, అంటే బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే మనిషి. ఆ ఖర్చు గ్రీన్ ఫీజులో (కోర్సులో ఆడటానికి కట్టేదాంట్లో) కలిసి రాదు, దాని మీద టిప్ వేరే, సాధారణంగా నగదుగా చేతికే ఇవ్వాలి. నలుగురికి నలుగురు అక్కర్లేదు. కార్నూస్టీలో ఇద్దరిని పెట్టుకుంటే సరిపోయింది, చిన్న కోర్సుల్లో ట్రాలీ లాక్కుంటూ మేమే నడిచాం.

వచ్చేసారి ఉత్తరానికి వెళ్దామని నా ఆలోచన. డోర్నాక్‌లో మకాం పెడితే బ్రోరా కోర్సు దగ్గరే, అక్కడ గొర్రెలు, ఆవులు కోర్సు మీదే మేసేవి, గ్రీన్ల చుట్టూ కరెంటు తీగ కట్టి ఉండేది. బావ సరేనన్నాడు, కానీ దారిలో సెయింట్ ఆండ్రూస్‌లో ఆగాలంటున్నాడు. ఆగస్టు చివరి దరఖాస్తుకి ఫోన్‌లో అలారం పెట్టుకున్నది కూడా అతనే. షీటు మాత్రం మళ్లీ నాకే పంపాడు.