ఎండ, పట్టాలు, నాయన మెడ

ఆదివారం కదా కాస్త ఆలస్యంగా లేద్దాం అనుకుంటే అమ్మ ఐదున్నరకే లేపేసింది. సగ్గుబియ్యం వడియాలు పెట్టాలంట, ఎండెక్కితే మిద్దె మీద అడుగు పెట్టలేమంట. ఏప్రిల్‌లో అనంతపురం సంగతి తెలిసిందే కదా, ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు, కానీ గిన్నె మోసేది మాత్రం నేనే. కిందికొచ్చి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని కూర్చున్నాక గుర్తొచ్చింది, రేపు ఫస్టవర్ డీఎన్ఏ రిపేర్ క్లాసు ఉందని. ప్రతి ఏడాదీ ఈ పాఠం దగ్గర పిల్లల కళ్లు మూతలు పడతాయి, ఎక్స్‌పీఏ, ఎక్స్‌పీసీ, ఎక్స్‌పీడీ అని రిపేర్ ప్రొటీన్ల పేర్లు వరసగా చెప్తా పోతే నాకే నిద్రొస్తుంది, వాళ్లననేదేముంది.

నిన్న మధ్యాహ్నం స్కూటీ మీద వచ్చేటప్పుడు చున్నీ కట్టుకోవడం మర్చిపోయినా. మెడ వెనక ఇంకా చుర్రుమంటానే ఉంది. అంటే రేపు బోర్డు మీద రాయాల్సిందంతా ఇప్పుడు నా మెడ మీదే జరుగుతా ఉందన్నమాట.

నాయన వసారాలో బనీనుతో కూర్చుని పేపర్ చూస్తా ఉన్నాడు. గుంతకల్లు రైల్వే డివిజన్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయినాడు, మొదట గ్యాంగ్‌మాన్, తర్వాత కీమాన్. ఆయన మెడ వెనక చర్మం ఎండిన చెరువు అడుగే, అడ్డంగా నిలువుగా గీతలు. బనీను కింద మాత్రం నున్నగా ఉంటుంది. ఒకే మనిషి, ఒకే వయసు, తేడా అంతా ఎండదే.

"ఏంది పాపా, పొద్దున్నే అట్ల మొహం పెట్టుకుని చదువుతాండావ్" అన్నాడు. ఎండకి ఒంట్లో చెడిపోయేదాన్ని బాగుచేసే ఎంజైముల గురించి నాయనా అన్నా. పేపర్ పక్కన పెట్టేసినాడు. ఇంక తప్పదు.

డీఎన్ఏ అంటే పట్టాలు అనుకో, మధ్యలో స్లీపర్లు అనుకో అని మొదలుపెట్టినా. స్లీపర్ సగం ఈ పట్టాకి, సగం ఆ పట్టాకి ఉంటుంది, రెండు సగాలూ మధ్యలో చేతులు పట్టుకుంటాయి. అందులో థైమిన్ అని ఒకటుంది, అది ఎదురుగా ఉన్న ఎడినిన్ చెయ్యి పట్టుకోవాలి. అల్ట్రావయొలెట్ తగిలితే పక్కపక్కన ఉన్న రెండు థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. డైమర్ అంటారు. అక్కడ పట్టా కొంచెం వంగుతుంది, కొంచెమే. ఇంకో రకం అతుకు ఉంది, సిక్స్ ఫోర్ ఫోటోప్రొడక్ట్ అని, దానికి వంకర ఎక్కువ.

"ఎండకి పట్టా వంగడం నాకు చెప్తాండావా" అని నవ్వినాడు. నిజమే, ఎండాకాలం మధ్యాహ్నాలు ఎర్ర జెండా, పటాసులు పట్టుకుని పెట్రోలింగ్ పోయిన మనిషి. వేడికి పట్టా సాగి పాము మాదిరి పక్కకి మెలి తిరుగుతుంది కదా, దాని కోసం. మామూలు రోజుల్లో కూడా రోజూ తన బీటు నడవాల్సిందే, పోను ఒక పట్టా, రాను ఇంకో పట్టా, పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచే కీలు ఊడినవి సుత్తితో బిగించుకుంటా.

నేను అడిగినా, పగులు కంటికి కనిపించకపోతే ఎట్ల పట్టుకునేవాడివి అని. పగులు ఎవురు చూస్తారు పాపా, అదిమే చోట ఆడతాందా లేదా, సుత్తి ఏస్తే మోత ఎట్లుంది, అది చూసుకుంటా పోతాం, ఆడతాంటే అప్పుడు వంగి చూస్తాం అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఎక్స్‌పీసీ చేసేది అచ్చం అదే. నేను ఇన్నేళ్లూ పిల్లలకి "ఎక్స్‌పీసీ డ్యామేజీని గుర్తిస్తుంది" అని ఒక్క ముక్కలో చెప్పేసి పోతా ఉన్నా, అది తప్పు కాదు గానీ అసలు రుచి అందులో లేదు. 2007లో దీని ఈస్ట్ రకం క్రిస్టల్ నిర్మాణం బయటికొచ్చింది, అందులో చూస్తే అది చెడిపోయిన థైమిన్లని పట్టుకోనే పట్టుకోదు. జత వదులైన చోట వేలు లాంటి ముక్క ఒకటి దూర్చి, చెడినవాటిని బయటికి తోసేసి, ఎదురుగా ఉన్న మంచి వరసని పట్టుకుంటుంది. అందుకే రకరకాల డ్యామేజీలకి ఒకే కీమాన్ సరిపోతాడు, ఏం చెడిందో దానికి అక్కర్లేదు, ఆడతాందా లేదా అంతే.

ఇక్కడే తిరకాసు. థైమిన్ డైమర్ ఎక్కువ ఆడదు. ఎక్స్‌పీసీ దాన్ని దాటుకుని పోతుంది. దానికోసం డీడీబీ2 అనే ఇంకొకటి ముందు పోయి డైమర్‌ని తన గుంతలోకి లాగి, అక్కడ డీఎన్ఏని బాగా వంచి పెడుతుంది, అప్పుడు ఎక్స్‌పీసీకి దొరుకుతుంది. ఇదీ కాక జీన్ చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ డైమర్ దగ్గరికొచ్చి ఆగిపోతే, ఆ ఆగడమే కబురు, గ్యాంగ్ పరిగెత్తుకొస్తుంది. "బండి ఆగితే అందరూ వస్తారులే" అన్నాడు నాయన, అందులో ఏదో పాత కోపం ఉంది, నేను అడగలేదు.

దొరికినాక ఎక్స్‌పీడీ ఆ వరస మీద నడిచి నిజంగా అడ్డం ఉందా అని సరిచూస్తుంది, అడ్డం తగిలి ఇరుక్కుంటే ఖాయం. అప్పుడు ఎక్స్‌పీఎఫ్ ఒకపక్క, ఎక్స్‌పీజీ ఇంకోపక్క కోస్తాయి. చెడింది రెండు అక్షరాలే, అంటే ఆ రెండు థైమిన్లే, తీసేసేది దాదాపు 30. ఇది దుబారా కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నాయనకి అనిపించలేదు. పగులు దగ్గరే కోస్తే వెల్డింగ్ నిలబడదు, అటూ ఇటూ మంచి పట్టా కూడా కలిపి కోసి కొత్త ముక్క వెయ్యాల్సిందే అన్నాడు. ఎదురు వరస చూసి డీఎన్ఏ పాలిమరేజ్ నింపుతుంది, లైగేజ్ అతుకేస్తుంది.

ఈ మొత్తం మనిషి కణాల్లో ఎట్ల జరుగుతుందో తేల్చిన వాళ్లలో పెద్ద పేరు అజీజ్ సాంజార్‌ది. టర్కీలో సావూర్ అనే చిన్న ఊర్లో 1946లో పుట్టి, అమ్మానాన్నలకి చదువు లేదు, డాక్టరై పల్లెలో కొన్నాళ్లు చేసి అమెరికా పోయినాడు. 2015లో కెమిస్ట్రీ నోబెల్, లిండాల్, మోడ్రిచ్‌లతో పాటు. ఆయన మొదట పట్టుకున్నది ఫోటోలైయేజ్ అనే ఎంజైము, అది కోసేది కాదు, ఉన్నచోటే విడదీసేది. చీకట్లో కూడా పోయి డైమర్‌ని పట్టుకుని కూర్చుంటుంది, నీలం వెలుతురు పడగానే దాంట్లోని ఎఫ్ఏడీ అనే చిన్న అణువు ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, అతుకు ఊడిపోతుంది, సెకనులో వందకోట్లో వంతు కూడా పట్టదు. మిద్దె మీద మా కరేపాకు చెట్టుకి ఉంది, కప్పకి ఉంది, కంగారూకి కూడా ఉంది. మనకి లేదు. నా మెడకి లేదు. కరేపాకు మీద ఇట్లా కుళ్లుకోవడం నా బతుకులో ఇదే మొదటిసారి.

ఎక్స్‌పీ జీన్లు పుట్టుకతోనే చెడిపోయిన పిల్లలుంటారు, జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అంటారు. వాళ్ల కణాలకి ఈ రిపేర్ చేతకాదని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించినాడు. చిన్న వయసులోనే చర్మం క్యాన్సర్లు, పగలు బయటికి రావాలంటే ఒళ్లంతా కప్పుకోవాలి. ఇది చెప్పినప్పుడు నాయన ఏం మాట్లాడలేదు, తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆ తువ్వాలే తలకి. చర్మం కణాలు కూడా అదే పని చేస్తాయని చెప్పినా, మెలనిన్ అనే రంగు గింజల్ని, డీఎన్ఏ ఉండే న్యూక్లియస్ మీద ఎండ వచ్చే వైపు టోపీ మాదిరి పేర్చుకుంటాయని. అది ఆయనకి బాగా నచ్చింది, అమ్మని పిలిచి మరీ చెప్పినాడు, ఆమె వడియాల మీదికి కాకి వచ్చిందేమో చూసి రా అంది.

మళ్లీ అడిగినాడు, రాత్రికల్లా అయిపోతుందా ఆ పని అని. వంకర ఎక్కువున్నవి కొన్ని గంటల్లో అయిపోతాయి నాయనా, డైమర్లు మాత్రం నెమ్మది, మరుసటి రోజుకి కూడా సగం దాకా మిగిలే ఉంటాయి అన్నా. ఈలోపల మళ్లీ ఎండ తగులుతుంది కదా అన్నాడు. తగులుతుంది అన్నా.

"అయితే గ్యాంగులో మనుషులు చాలడంల్యా" అని మళ్లీ పేపర్ తీసుకున్నాడు.

సాయంత్రం రేపటి క్లాసుకి బోర్డు బొమ్మ వేసుకుంటా ఉంటే రెండు వరసల బదులు పట్టాలు, కంకర వచ్చినాయి. చెరిపెయ్యలేదు. వడియాలు ఇంకా మిద్దె మీదే ఉన్నాయి.